కుర్చీ బరువు: ఈ నెల ఉత్తరాలు

ఈ నెల మెయిల్లో వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అర్ధరాత్రి దాటాక పంపినవే. పైన టైమ్ పడుతుంది కదా, దాచినా దాగదు. పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళకి పగలు ఉత్తరం రాసుకునే తీరిక ఎక్కడిది? జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ పర్సనల్ డిపార్ట్‌మెంట్లో పందొమ్మిదేళ్ళు పనిచేశాను. తర్వాత సైకాలజీ చదివి, పన్నెండేళ్ళుగా కూకట్‌పల్లిలో ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో కూర్చుని మేనేజర్ల గోడు వింటున్నాను. కింద నుంచి సాంబారు వాసన వస్తుంటే ఎదురుగా డైరెక్టర్లు కళ్ళు తుడుచుకోవడం మొదట్లో వింతగా ఉండేది, ఇప్పుడు అలవాటైపోయింది. ఈసారి నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికే ఎక్కువ చోటు పోయింది, తక్కినవాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు. పాశమైలారంలో ఒక మాత్రల ఫ్యాక్టరీలో క్వాలిటీ హెడ్‌ని. మొన్న అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్ ఎఫ్‌డీఏ తనిఖీలో ఆరు అబ్జర్వేషన్లతో 483 (లోపాలు రాసిచ్చే నోటీసు) ఇచ్చి వెళ్ళారు. ఆ సాయంత్రం మా ఎండీ గారు ఇరవై మంది ముందు "నీకు జీతం ఎందుకిస్తున్నట్టు?" అన్నారు. 15 పనిదినాల్లో జవాబు పంపేశాం, ఆ గండం గడిచింది. కానీ అప్పట్నుంచి రోజూ తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. ఇప్పుడు హెచ్‌ఆర్ వాళ్ళు నాకో ఎగ్జిక్యూటివ్ కోచ్‌ని పెట్టారు, ఎనిమిది సిట్టింగులట. నన్ను సాగనంపేముందు చేసే తంతా ఇది? నేను చెప్పినవన్నీ ఎండీకి చేరతాయా? చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ ఇంకో సంగతి. పోయిన వారం ల్యాబ్‌లో ఒక కుర్రాడి మీద సరిగ్గా ఎండీ గారి మాటలతోనే అరిచాను.
- పేరు వద్దు, బీరంగూడ

జవాబు: ముందు చేరవేతల సంగతి తేల్చేద్దాం. కంపెనీ డబ్బుతో జరిగే కోచింగ్ ముగ్గురి మధ్య ఒప్పందం. డబ్బిచ్చేది వాళ్ళు, మాట్లాడేది మీరు, వినేది కోచ్. ఎవరికి ఏం తెలియాలో మొదటి రోజే కాగితం మీద పెట్టించుకోండి. నా దగ్గర నుంచైతే హెచ్‌ఆర్‌కి రెండే వెళ్తాయి: ఎన్ని సిట్టింగులు అయ్యాయి, అందరం కలిసి ముందుగా అనుకున్న లక్ష్యాల్లో పని ఎంతదాకా వచ్చింది. ఆ రెండోది కూడా మీరు చదివి సరేనన్నాకే. ఎండీని మనసులో ఏమని తిట్టుకున్నారో, ఇంట్లో ఏం జరుగుతోందో ఆ గది దాటకూడదు. ప్రాణం మీదికొచ్చే పరిస్థితి ఉంటేనో, చట్టం అడిగితేనో తప్ప. ఈ కాగితం దగ్గర మీ కోచ్ నసిగాడా, ఆ ఎనిమిది సిట్టింగులూ ఎండల గురించి, వానల గురించి మాట్లాడి వచ్చేయండి.

సాగనంపే తంతా అన్నారు. అబద్ధం చెప్పను, కొన్నిచోట్ల అదీ జరుగుతుంది. "మేం చేయగలిగిందంతా చేశాం" అని ఫైల్లో పెట్టుకోవడానికే కోచ్‌ని పిలిచిన కంపెనీలు నాకు తగిలాయి. తెలుసుకోవాలంటే మొదటి సిట్టింగుకి ఎండీ గారిని ఒక అరగంట రమ్మనండి. కోచ్ ముందే అడగండి: "ఎనిమిది సిట్టింగులయ్యాక నాలో ఏం మారితే మీకు బాగుంటుంది సార్?" మిమ్మల్ని ఉంచుకోవాలనుకునే మనిషైతే దీనికి ఏదో ఒకటి చెప్తాడు, కటువుగానైనా. ఫోన్ చూసుకుంటూ "జనరల్‌గా ఇంప్రూవ్ అవ్వాలి" అన్నాడంటే మీ బయోడేటా బయటికి తీసి దుమ్ము దులుపుకోండి.

మూడింటి మెలకువ కోచ్ పని కాదు. నిద్ర ఇలా చెడి రెండు వారాలు దాటిందంటే, దానికి తోడు అన్నం సయించకపోవడం, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోవడం ఉందంటే, సైకియాట్రిస్టుని కలవండి. కలిశానని ఆఫీసులో ఎవరికీ చెప్పక్కర్లేదు. వెళ్ళడానికి కాళ్ళు రాకపోతే ముందు 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ లైను అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేమీ కట్టక్కర్లేదు. చాలామంది ఇలాంటిదానికి "బర్నౌట్" (పని ఒత్తిడికి పూర్తిగా అలిసిపోవడం) అని పేరు పెట్టేసుకుని వస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా చెప్పింది, జబ్బుల లెక్కలో వేయలేదు. అందులో మీరు గమనించాల్సింది ఒకటుంది. అదుపు తప్పిన పని ఒత్తిడి నుంచి వచ్చేదాన్ని ఆ పని జోలికి పోకుండా మిమ్మల్ని ఒక్కరినే బాగుచేసి పంపిస్తే ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఇక ఆ కుర్రాడి సంగతి. మీ ఉత్తరంలో ఇదే అసలు ముక్క, సిగ్గుపడి చివర్న పెట్టారు.

రేపు వాడికి ఒక బ్యాచ్ ఓఓఎస్ (పరీక్షలో హద్దు దాటడం) వస్తుంది అనుకోండి. లిమిట్ దాటిన అంకె హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో కొలిచే యంత్రం) తెర మీద కనిపిస్తోంది. రాత్రి పదకొండు. వాడు చేయాల్సింది మీకు ఫోన్ చేయడం. కానీ చెవుల్లో మీ గొంతు మోగుతోంది. అదే శాంపిల్‌ని "ట్రయల్" అని పేరు పెట్టి ఇంకోసారి ఎక్కిస్తాడు. ఈసారి అంకె లిమిట్లో పడితే మొదటిది ఎవరికీ కనపడని ఫోల్డర్లోకి పోతుంది. తనిఖీకి వచ్చినవాళ్ళు మొట్టమొదట తవ్వేది ఆ ఫోల్డర్లనే అని మీకు నేను చెప్పాలా? డేటా ఇంటెగ్రిటీ (వచ్చిన అంకెని వచ్చినట్టే ఉంచడం) అని గోడ నిండా పోస్టర్లు అంటిస్తాం. ఎడం చేత్తో పోస్టరు అంటిస్తూ కుడి చేత్తో బల్ల గుద్దితే కుర్రాళ్ళు వినేది బల్ల చప్పుడే.

హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ఆవిడ 1990లలో ఆస్పత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లు లెక్కపెట్టింది. బాగా పనిచేసే టీముల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకుని మొదలుపెడితే, అంకెలు తిరగబడి వచ్చాయి. మంచి టీముల్లోనే ఎక్కువ తేలాయి! ఆరా తీస్తే, అక్కడ జరిగింది జరిగినట్టు చెప్పుకునే ధైర్యం ఉంది, తక్కినచోట్ల దాచుకుంటున్నారు. దాని గురించే ఆవిడ 1999లో సైకలాజికల్ సేఫ్టీ అనే పేరుతో రాసింది. ఇప్పుడు ప్రతి ట్రైనింగులో ఆ మాట చక్కెర చల్లినట్టు చల్లేస్తున్నారు గానీ, ఆవిడకి అది తట్టింది ఈ మందుల లెక్కలోనే.

నేనూ ఈ పాపంలో వాటాదారునే. పర్సనల్లో ఉన్న రోజుల్లో ఒక ప్రొడక్షన్ మేనేజర్ గారు మీలాగే అందరి ముందు తిట్లు తిని నా క్యాబిన్‌కి వచ్చారు. నేను నవ్వుతూ "ఆయన కోపం పాలపొంగు సార్, మనసులో పెట్టుకోకండి" అని టీ తెప్పించాను. ఆయన టీ తాగి వెళ్ళిపోయారు. నాలుగు నెలల తర్వాత ఒక డ్రయ్యర్‌లో వేడి హద్దు దాటిన సంగతి ఆయనకి ముందే తెలుసనీ, నోరు విప్పలేదనీ బయటపడింది. బ్యాచ్ మొత్తం పారబోశాం. పాలపొంగు అని నేను తేలిగ్గా అన్నానే, ఆ పాలు పొంగి ఎవరి మీద పడ్డాయో చూడలేదు.

మీకు నేను చెప్పే పని రెండు మాటలు తయారు చేసుకోవడం. మొదటిది కుర్రాడికి, ఈ వారంలోనే, ల్యాబ్‌లో, ఆ రోజు విన్నవాళ్ళంతా ఉండగా: "మొన్న నేను అరిచిన తీరు తప్పు. నీ పనిలో తేడా ఉంది, దాని గురించి మాట్లాడదాం. కానీ జీతం మాట నేను అనకూడనిది." అంతే. "నా పరిస్థితి ఎలా ఉందంటే..." అని సాగదీయకండి, అది మళ్ళీ వాడి నెత్తిన బరువు పెట్టడమే.

రెండోది ఎండీ గారికి. ఇది కష్టం. నా గదిలో ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంది, అందులో ఎవరూ కూర్చోరు. పై అధికారి అందులో ఉన్నట్టు అనుకుని మాట్లాడమంటాను. మీలాంటాయనే ఒకరు (ఆనవాళ్ళు మార్చి చెప్తున్నాను) మొదట "సార్, ఐ వజ్ ఎ లిటిల్ డిసప్పాయింటెడ్" అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆఫీసులో ఇంగ్లీషులో బతుకుతాం గానీ అవమానం ఇంగ్లీషులో జరగదు కదా. తెలుగులో అనమన్నాను. రెండుసార్లు నోరు తెరిచి మూశారు. లేచి వెళ్ళి ఆ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, దాని అంచున లేచిన ప్లాస్టిక్ పెచ్చుని గోటితో గీకుతూ అన్నారు: "పదహారేళ్ళు చేశాను సార్ మీ దగ్గర. అందరి ముందూ అలా అంటారా? నేను పరాయివాణ్ణా?" లోపలున్న మాట అదీ. దాన్ని అలాగే ఎండీ గదికి పట్టుకెళ్తే కన్నీళ్ళ వ్యవహారం అవుతుంది. అందుకని ఇంకో అరగంట కూర్చుని అనగలిగిన మాటగా మార్చుకున్నాం: "తప్పు నాదైతే గదిలోకి పిలిచి ఎంతైనా అనండి సార్. నా టీము ముందు మాత్రం వద్దు. మీరు నన్ను అలా అంటే రేపట్నుంచి వాళ్ళు నాకు నిజం చెప్పరు, అది మీకే నష్టం." ఆయన ఆ మాట అన్నారు. ఎండీ గారు క్షమాపణేమీ చెప్పలేదు, "సరే చూద్దాం" అన్నారట. కానీ తర్వాతి రివ్యూలో గొంతు లేవబోయినప్పుడు "మీరు తర్వాత నా రూముకి రండి" అన్నారని నాకు మెసేజ్ వచ్చింది. నా వృత్తిలో ఇది పెద్ద పండగ.

మీ సొంత కోపానికి చిన్న చిట్కా ఒకటి. పీటర్ గాల్విట్జర్ అనే జర్మన్ సైకాలజిస్టు పరిశోధనలో తేలింది ఇది: "ఇకమీద అరవను" అని ఒట్టు పెట్టుకోవడం కంటే "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని ముందే జత కట్టుకుంటే అది ఎక్కువ నిలుస్తుంది. "కుర్రాడు సాకు చెప్పడం మొదలుపెడితే నేను కుర్చీ లాక్కుని కూర్చుంటాను." కూర్చుని అరవడం కష్టం, ప్రయత్నించి చూడండి.

ప్రశ్న: నాకు 34. ప్రైవేటు బ్యాంకులో విజయవాడ బ్రాంచికి మేనేజరుగా వచ్చి ఐదు నెలలైంది. నా డిప్యూటీ గారికి 53. కస్టమర్ల ముందు "నీకు తెలీదులే అమ్మా, నేను చూసుకుంటా" అంటారు. సోమవారం ఇవ్వాల్సిన, వాయిదాలు కట్టనివాళ్ళ ఓవర్‌డ్యూ లిస్టు గురువారం ఇస్తారు. గట్టిగా అడగబోతే గొంతు పెగలదు. పైవాళ్ళు పొరబడి నాకీ పోస్టు ఇచ్చారేమో అని రోజూ అనిపిస్తోంది. ఇది ఇంపోస్టర్ సిండ్రోమ్ అని మా చెల్లెలు అంటోంది. వైద్యం ఉందా?
- ఒక బ్రాంచి మేనేజరు

జవాబు: చూశారా, నేనూ "అమ్మా, మీ ఉత్తరం చదివాను" అని మొదలుపెట్టి కొట్టేశాను.

సిండ్రోమ్ పేరు చూసి హడలిపోకండి. 1978లో పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు చదువులోనూ ఉద్యోగంలోనూ పైకొచ్చిన 150 మందికి పైగా ఆడవాళ్ళతో మాట్లాడి, ఇంత సాధించాక కూడా "ఎప్పుడో ఒకప్పుడు నా గుట్టు బయటపడుతుంది" అనుకునే ధోరణి గురించి రాశారు. వాళ్ళు దాన్ని జబ్బు అనలేదు, సిండ్రోమ్ అనే మాటా వాడలేదు. ఆ తోక తర్వాత జనం తగిలించింది. మీకు నేను చెప్పేది ఇంకా మొరటుగా ఉంటుంది. రోజుకు నాలుగుసార్లు పదిమంది ముందు "నీకు తెలీదులే" అని ఒకరు అంటుంటే, నాకు తెలీదేమోనని ఎవరికైనా అనిపిస్తుంది. అనిపించకపోతేనే వైద్యం కావాలి.

మన భాషలో "అమ్మా" రెండు రకాలు. కూరగాయల బండి అతను "ఏం కావాలమ్మా" అంటే అది మర్యాద. కుర్చీలో ఉన్న మనిషిని తీసుకెళ్ళి ఇంట్లో చిన్నపిల్ల పక్కన కూర్చోబెట్టే అమ్మా ఇంకోటి. మీ డిప్యూటీ గారిది ఏ రకమో అందులో చెప్పలేం, పక్కనున్న "నీకు" చెప్తోంది, "తెలీదులే" చెప్తోంది. కాబట్టి అమ్మా మీద గొడవ పెట్టుకోకండి. "మేడమ్ అనండి" అని మీరు అడిగిన మర్నాటి నుంచి ఆయన ప్రతి వాక్యానికీ మూడు మేడమ్‌లు తగిలించి ఎగతాళి చేయగలరు. పాతకాపులకి అది చిటికెలో పని. మీరు పట్టుకోవాల్సింది "తెలీదులే"ని.

కస్టమర్లు రాకముందు, ఉదయాన్నే, ఆయన్ని మీ క్యాబిన్‌కి పిలిచి కూర్చోబెట్టి: "సార్, ఈ బ్రాంచి గురించి మీకు తెలిసినన్ని సంగతులు నాకు తెలియవు. అవి నాకు కావాలి, రోజూ పది నిమిషాలు చెప్పండి. కానీ కస్టమర్ ఎదురుగా నాకు తెలీదని మీరంటే రేపు లోను మీద నేను పెట్టే సంతకానికి విలువ ఉండదు. అది వద్దు." ఇంతకు మించి ఒక్క ముక్క కూడా పొడిగించకండి. ఆయన "అయ్యో, నా కూతురులాంటిదానివని అన్నానమ్మా" అంటారు, తొంభై పాళ్ళు అంటారు. "తెలుసు సార్, ఆ అభిమానం ఉండనివ్వండి. ఇది మాత్రం గుర్తుంచుకోండి" అనండి.

లిస్టు గురించి ఆ రోజు ఎత్తకండి. రెండు ఫిర్యాదులు ఒకే పూట పెడితే రెండూ కోపం ఖాతాలోకి పోతాయి. వారం ఆగి, అది వట్టి పని విషయంగా మెయిల్లో అడగండి: సోమవారం నాలుగు గంటలకి. నాలుగున్నరకి రాకపోతే లేచి ఆయన బల్ల దగ్గరికే వెళ్ళి "లిస్టు సార్" అని నిలబడండి. కూర్చోవద్దు, కబుర్లొద్దు.

ఇంకో మాట. ఆ కుర్చీ ఆయన ఆశించారేమో ఎప్పుడైనా కనుక్కున్నారా? ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు ఉండి, ముప్పై నాలుగేళ్ళ మనిషి దగ్గర సెలవు చీటీ సంతకం పెట్టించుకోవడం ఏ మగాడికీ తేలిక కాదు మన దగ్గర. అది ఆయన బాధ, మీరు తీర్చలేరు. తెలిసి ఉంటే మాత్రం మీ గొంతు పెగులుతుంది.

ప్రశ్న: మా స్టార్టప్‌లో నలుగురు మేనేజర్లకి కోచింగ్ ఇప్పిద్దామనుకుంటున్నాం. లింక్‌డిన్ నిండా కోచ్‌లే. ఎవరిని నమ్మాలి?
- మాదాపూర్

జవాబు: మన దేశంలో ఎవరైనా రేపు పొద్దున బోర్డు పెట్టుకుని కోచ్ అనిపించుకోవచ్చు, అడిగే చట్టం లేదు. మానసిక జబ్బులకి చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుకైతే రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. నేను క్లినికల్ కాదు, నా బోర్డు మీద ఆ మాట ఉండదు. మీరు పిలిచిన కోచ్‌ని ఒకటే అడగండి: "ఎలాంటి మనిషిని మీరు తీసుకోకుండా డాక్టరు దగ్గరికి పంపుతారు?" ఠక్కున జవాబు చెప్పినవాళ్ళని రెండో రౌండుకి పిలవండి. "నేను ఎవరినైనా మార్చేస్తాను" అన్నవాళ్ళకి కాఫీ ఇచ్చి పంపేయండి. డబ్బు సంగతి, గంటకింత అని మాట్లాడుకోండి, "ట్రాన్స్‌ఫర్మేషన్ ప్యాకేజీ" జోలికి పోకండి.

ప్రశ్న: నాకు 31. అమెరికాలో ఎంబీఏ చేసి, రెండేళ్ళు ఉద్యోగం చేసి, నాన్నగారి మిర్చి కోల్డ్ స్టోరేజీ చూసుకుందామని వచ్చాను. నాకు డైరెక్టర్ అని కార్డు కొట్టించారు. గేటు పాసులు, బాండ్లు (సరుకు దాచినట్టు రైతుకిచ్చే రసీదులు) అన్నీ కంప్యూటర్లో పెట్టాను. నాన్నగారు రైతు ఫోన్ చేస్తే చాలు, "పది టిక్కీలు ఇచ్చి పంపరా" అని (టిక్కీ అంటే మిర్చి బస్తా) గుమస్తాతో చెప్పేస్తారు. నెలాఖరుకి సరుకు లెక్క, కంప్యూటర్ లెక్క కలవవు. అడిగితే "నువ్వు పుట్టకముందు నుంచి వాడు నాకు తెలుసు" అంటారు. తిరిగి వెళ్ళిపోదామనిపిస్తోంది. దీనికి కోచింగ్ నాకు కావాలా, ఆయనకా? ఊరు పేరు వేయకండి, మా నాన్నగారు ఈ పత్రిక చదువుతారు.

జవాబు: బాబూ, కోచింగ్ ఇద్దరికీ వద్దు గానీ, ఒక సాయంత్రం ఇద్దరికీ కావాలి.

మీరు ఆయన్ని అడుగుతున్నది లెక్క. ఆయనకి వినపడుతున్నది "మీ మాట చెల్లదు" అని. కోల్డ్ స్టోరేజీ వ్యాపారంలో సగం చలి, సగం నమ్మకం. ధర వచ్చేదాకా సరుకు మీ దగ్గర పెట్టే రైతు మీ కంప్రెసర్ని చూసి పెట్టడు, మీ నాన్నగారి ముఖం చూసి పెడతాడు. ఫోన్ మీద పది టిక్కీలు ఇవ్వడం ఆయన దృష్టిలో తప్పుడు లెక్క కాదు, ముప్పై ఏళ్ళ పరపతి. దాన్ని కంప్యూటర్లో ఎక్కడ ఎక్కించారు మీరు? ఎక్కించే గడి పెట్టారా అసలు?

కాబట్టి అధికారం ఇమ్మని అడగకండి. కొత్త పంట రావడం మొదలవక ముందే ఒక్క ముక్క అడగండి: "రైతు మీ మనిషి, గేటు నాది." ఎవరికి ఎన్ని ఇవ్వాలో ఆయన ఇష్టం, ఫోన్‌లోనే చెప్పనివ్వండి. చీటీ లేకుండా లారీ గేటు దాటకపోవడం మీ ఇష్టం. ఫోన్ మాటనే చీటీగా రాసుకునే ఏర్పాటు గుమస్తాకి మీరు చేసిపెట్టండి, "పెద్దాయన మాట" అని ఒక గడి తెరవండి. ఆ గడిలో నెలకి ఎన్ని టిక్కీలు పడుతున్నాయో ఆయన కూడా ఇంతవరకు చూసుకుని ఉండరు.

వెళ్ళిపోవాలనిపించడం గురించి. మీ ఉత్తరంలో "నాన్నగారు" తొమ్మిది చోట్ల ఉంది, ఇక్కడ కుదించి వేశాం. జీతం, వాటా, ఇల్లు, ఏ ఒక్కటీ లేదు. అమెరికాలో మీ బాస్ మెచ్చుకుంటే మెయిల్ వచ్చేది. ఇక్కడ మీ సాఫ్ట్‌వేర్ చూసి ఆయన ఏమన్నారో ఒక్క వాక్యం కూడా రాయలేదు మీరు. ఏమీ అనలేదా? అడిగారా?

ఊరు వేయలేదు. పేరూ లేదు. కానీ టిక్కీలు, అమెరికా, గుమస్తా, ఇన్ని ఉన్నాక ఆయన పోల్చుకోరంటారా? పోల్చుకుని పేపరు మడిచి కళ్ళజోడు తీశారంటే, గేటు మాట ఆ సాయంత్రమే ఎత్తండి.